రెండు చందమామలుంటే రేవులో పంటు ఎప్పుడు కదులుద్ది?

ఈసారి ఉత్తరాల్లో సగం పైగా కథలు రాసేవాళ్ళవే. అందరూ లోకాలు కట్టేస్తున్నారు, మంచిదే, కాకపోతే ఆకాశం ఒకలా నేల ఇంకోలా ఉంటే చదివేవాడు పట్టేస్తాడు కదా, అదీ గోదారి ఒడ్డున పుట్టినోడైతే మరీను.

ప్రశ్న: బాబాయ్ గారూ, నేనో ఫాంటసీ నవల రాస్తున్నానండి. మన కోనసీమ లాంటి డెల్టానే, కాకపోతే ఆకాశంలో ఇద్దరు చందమామలు. ఒకడు మనవాడే, రెండోవాడు సగం దూరంలో తిరుగుతాడు, చూడ్డానికి మాత్రం ఇద్దరూ ఒకే సైజు. పోటూ పాటూ ఎలా రాయాలి? మా తమ్ముడు ఊళ్ళన్నీ మునిగిపోతాయి అక్కా అంటున్నాడు. (రాజోలు వైపు లంక ఊరి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మాయ్, తమ్ముడు పూర్తిగా తప్పేం కాదు. చందమామని సగం దూరానికి లాక్కొస్తే పోటు డబుల్ అవుద్ది అనుకుంటాం, కానీ ఎనిమిది రెట్లవుద్ది, ఎందుకంటే దూరం సగమైతే పోటు లేపే బలం రెండుని మూడుసార్లు హెచ్చవేసినంత పెరుగుద్ది. ఉన్న చందమామనే తెచ్చి దగ్గర పెడితే కోనసీమలో కొబ్బరిచెట్ల తలలే మిగుల్తాయి. కానీ నువ్వు ఒకే సైజులో కనపడాలన్నావు చూడు, కిటుకంతా అక్కడే ఉంది. సగం దూరంలో ఉండి కూడా అంతే కనపడాలంటే చిన్నోడి అడ్డుకొలత సగమే ఉండాలి, ఇద్దరూ ఒకే రకం రాయి అనుకుంటే బరువు ఎనిమిదో వంతు. అక్కడ ఎనిమిది రెట్లు, ఇక్కడ ఎనిమిదో వంతు, చెల్లుకి చెల్లు! చిన్నోడు లేపే పోటు పెద్దోడి పోటంతే. సూర్యుడు కూడా మనకి చందమామ సైజులోనే కనపడతాడు కదా, మరి ఆయన పోటు సగం కంటే తక్కువెందుకంటే ఆయన రాయి కాదు, గాలిముద్ద, చందమామంత చిక్కన లేడు.

ఇప్పుడు టైములు చూద్దాం. మన చందమామ ఒక చుట్టు తిరగడానికి 27.3 రోజులు, అంటే రోజుకో నక్షత్రం దాటతాడు. సగం దూరంలో ఉన్నోడికి, దూరాన్ని బట్టి చుట్టు టైము చెప్పే కెప్లర్ శాస్త్రవేత్త లెక్కలో 9.65 రోజులే, రోజుకి దగ్గర దగ్గర మూడు నక్షత్రాలు దాటేస్తాడు. అమావాస్య నుంచి అమావాస్యకి పది రోజులు కూడా పట్టదు. అంటే వాడికి రోజుకి మూడు తిథులన్నమాట, ఏకాదశి ఉపవాసం ఎనిమిది గంటల్లో అయిపోద్ది, కాకపోతే పది రోజులకి రెండుసార్లు వచ్చి పడుద్ది, మీ నవల్లో బామ్మగారు ఏ చందమామ ఏకాదశి చేస్తుందో ముందే తేల్చుకో.

రేవు సంగతి ఇంకా బాగుంటుంది. గోదారి పాయ వశిష్ట మీద మా రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ) వాళ్ళకి గడియారం అక్కర్లేదు, పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు లేటుగా వస్తుందని వాళ్ళకి ఒంట్లోనే తెలుసు. పాటులో నీళ్ళు తీసేస్తే చెక్క నిటారుగా దిగుద్ది, స్కూటర్ బ్రేకు పట్టుకుని దిగుతుంటే కింద బురదలో ఎండ్రకాయలు అటూ ఇటూ పరిగెడతా ఉంటాయి, ఒకసారి నా సంచీలో పనసకాయ దొర్లిపోయి ఏట్లో పడింది, సరే అది వేరే కథ. మీ చిన్నోడి పోటు రోజుకి 2 గంటల 40 నిమిషాలు లేటవుద్ది. రెండు పోట్లూ వేరే వేరే టైముకి నడుస్తాయి కాబట్టి ఏడున్నర రోజులకోసారి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, మధ్యలో నాలుగు రోజుల్లోపే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సూర్యుడి చిన్న పోటొక్కటే మిగులుద్ది, ఆ రోజు రేవులో నీళ్ళు కదిలీ కదలనట్టుంటాయి. ఆ ఎక్కే రోజు పెద్దోడి అమావాస్యో పున్నమో కూడా అయితే సూర్యుడూ తోడై మన పున్నమి పోటుకి ఒకటింబావు, ఒకటిన్నర కాదు, ఇంచుమించు 1.7 రెట్లు లేస్తుంది. ఊరు మునగదు గానీ ఏటిగట్టు ఎత్తు పెంచు, ఉప్పునీళ్ళు కాలవల్లోకి ఇంకా లోపలికి ఎక్కుతాయి, చేపలచెరువులోళ్ళు గోల పెడతారు. తుపాను కూడా సరిగ్గా ఆ రాత్రే వచ్చిందనుకో, నీ క్లైమాక్స్ నీకు దొరికినట్టే.

ప్రశ్న: నా నవల మ్యాప్‌లో నది కొండల్లో పుట్టి అక్కడే రెండుగా చీలి ఒకటి తూర్పు సముద్రానికి, ఒకటి పడమటి సముద్రానికి పోతుంది. సముద్రం మొగ దగ్గర రాతికోట రాజధాని. బాగుందా అండీ? (పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బొమ్మ బాగుందండి, నది బాలేదు. కొండల్లో నదులు కలుస్తాయే గానీ సాధారణంగా చీలవు, నీళ్ళు అన్నిటికంటే పల్లం దారే వెతుక్కుంటాయి. గోదారమ్మ త్రయంబకంలో పుట్టింది, అక్కడికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే, అయినా అటు పోలేదు, వాలు ఇటుంది కాబట్టి 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికొచ్చింది. దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలిశాయి. చీలింది ఎక్కడ? ధవళేశ్వరం దాటాక, గౌతమి, వశిష్ట అని, కిందకెళ్ళాక వశిష్ట నుంచి వైనతేయ. నేల బల్లపరుపు అయిపోయి, నీళ్ళ ఊపు తగ్గి, మోసుకొచ్చిన ఒండ్రు తన దారికి తానే అడ్డంగా మేట వేసుకుంటే అప్పుడు పాయలవుద్ది. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలెట్టింది కూడా ఆ చీలే చోటు చూసే.

ఇంక రాతికోట. డెల్టాలో నుయ్యి తవ్వితే ఒండ్రు, ఇసక, మళ్ళీ ఒండ్రు, రాయి తగలదు. మీ రాజుగారు రాళ్ళు పైనుంచి పడవల మీద తెప్పించుకోవాల్సిందే, ఆ ఖర్చుకి ఖజానా ఖాళీ అయ్యిందని రాస్తే నేను నమ్ముతాను. మొగ దగ్గర రాజధాని అయితే అస్సలొద్దు, కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు, 1839 ఉప్పెన తర్వాత మళ్ళీ లేవలేదు, ఇవాళ ఆ చుట్టుపక్కల మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నాం. ఒక వంద కిలోమీటర్లు పైకి జరపండి.

ప్రశ్న: మా లోకంలో నదికి పుష్కరాలు పన్నెండేళ్ళకి కాదు, ముప్ఫయ్యేళ్ళకోసారి రావాలి. ఎలా? (నరసాపురం)

జవాబు: బృహస్పతి బదులు శనికి కట్టండి. గురుడు సింహరాశిలోకొస్తే గోదావరి పుష్కరం, ఆయన చుట్టు 11.86 ఏళ్ళు, శనిది దాదాపు 29న్నర.

ప్రశ్న: సూర్యుడు పడమర ఉదయిస్తే చాలా? ఇంకేమైనా మార్చాలా? (అమలాపురం)

జవాబు: శుక్రగ్రహం మీద అలాగే ఉదయిస్తాడు, కాబట్టి వింతేం కాదు. కానీ భూమి తిరుగుడు తిప్పేస్తే గాలులూ తిరగబడతాయి బాబూ. ఇప్పుడు దక్షిణం నుంచి భూమధ్యరేఖ దాటిన గాలి కుడికి తిరిగి నైరుతి అవుతోంది. మీ లోకంలో ఎడమకి తిరిగి ఆగ్నేయం అవుద్ది, అంటే తొలకరి కేరళకి ముందు సరాసరి బంగాళాఖాతం మీంచి అంతర్వేదికే కొట్టొచ్చు. తుపాన్లు మాత్రం ఎక్కువగా ఇటు రాకుండా తూర్పుకి పోతాయి, సుడి కూడా అపసవ్యం కాకుండా గడియారం ముల్లు వైపే తిరుగుద్ది. కాబట్టి మీ కథలో చేపల పడవలు కట్టేసే నెలలూ, వరి ఊడ్పులూ అన్నీ మళ్ళీ రాసుకోవాలి, మూడో చాప్టర్లో హీరో గారు "నైరుతి మబ్బులొస్తున్నాయ్" అన్న లైను ముందు కొట్టెయ్యండి.