యూత్ మీటింగ్‌లో గేముల సంగతి ఎలా ఎత్తాలంటే

నాన్నా,

వందనాలు. యూత్ మీటింగ్‌లో వీడియో గేముల మీద వాక్యం చెప్పమన్నారని రాశావు. టెన్షన్ పడకు. "ఇవన్నీ సాతాను ఆటలు" అని మాత్రం మొదలుపెట్టకు. మా కాలంలో సినిమాల గురించీ అలాగే చెప్పేవారు. కుర్రకారు బుద్ధిగా విని, మ్యాట్నీకి వెళ్లేవారు.

ఆటలంటే దేవుడికి గిట్టదని బైబిల్లో లేదు. యెరూషలేము మళ్లీ బాగుపడితే వీధుల నిండా పిల్లలు ఆడుకుంటారని జెకర్యా 8లో ఉంది. అక్కడి నుంచి ఎత్తుకో.

తర్వాత 1 కొరింథీ 6:12కి రా. నాకు అన్నిట్లో స్వాతంత్ర్యం ఉంది గానీ దేనికీ లొంగిపోను అంటాడు పౌలు. బీజీఎంఐ అనే ఫోన్ షూటింగ్ గేములో తుపాకుల గురించి పిల్లలు ఇంట్లో రోజూ వింటూనే ఉంటారు. నువ్వు క్రేట్ల సంగతి అడుగు. డబ్బు పెట్టి యూసీ, అంటే గేములో చెల్లే డబ్బు, కొని, లోపల ఏముందో తెలియని పెట్టె తెరుస్తారు. కోరుకున్నది రాకపోతే ఇంకొకటి. డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని 2025 చట్టం నిషేధించింది, ఇది పందెం కాదుగా అంటారు. పక్కవాడి స్కిన్, అంటే గేములో బొమ్మకో తుపాకీకో వేసే అలంకారం, చూసి కుళ్లుకోవడం గురించి పదో ఆజ్ఞ ఏమంటుందో వాళ్లనే చెప్పమను.

వీలైతే 'దట్ డ్రాగన్, క్యాన్సర్' అనే గేము కాస్త చూపించు. 2016లో వచ్చింది. అమెరికాలో ర్యాన్ గ్రీన్, ఎమీ గ్రీన్ అనే విశ్వాసులు, క్యాన్సర్ వచ్చిన తమ పసివాడు జోయెల్ గురించి తమ బృందంతో కలిసి చేశారు. ఒకచోట ఆసుపత్రి గదిలో బాబు ఏడుస్తుంటాడు. ఆడేవాళ్లు ఏం చేసినా ఊరుకోడు. మిగతా గేముల్లో చేతినేర్పు ఉంటే గెలుస్తాం, చచ్చినా మళ్లీ లేస్తాం. ఇక్కడ మన చేతిలో ఏమీ ఉండదు. చివరికి తండ్రి ప్రార్థన చేస్తాడు, బిడ్డ నిద్రపోతాడు. ఇది చూడగానే మనవాళ్లెవరో ఒకరు "చూశారా, ప్రార్థిస్తే జబ్బు పోతుంది" అంటారు. అననివ్వకు. జోయెల్ 2014లో చనిపోయాడు. ఆ రాత్రి దొరికింది నిద్ర, స్వస్థత కాదు. అయినా ఆ అమ్మానాన్నలు దేవుణ్ణి వదల్లేదు. కృప గురించి నువ్వు చెప్పదలిచింది అక్కడే చెప్పు, తొందరపడకుండా.

రోజుకి ఎన్ని గంటలు ఆడొచ్చని ఎవరో అడుగుతారు. గంటల లెక్క చెప్పకు. అమ్మ అన్నానికి పిలిస్తే మ్యాచ్ మధ్యలో లేవగలవా అని అడుగు. లేస్తే స్క్వాడ్‌లో, అంటే జట్టులో, ఉన్నవాళ్లు తిడతారు, ఆ ఇబ్బంది నిజమే, కొట్టిపారెయ్యకు. మ్యాచ్ మొదలుపెట్టేముందే అమ్మని అడగమను.

ఈలోగా నువ్వూ వాళ్లతో ఒక మ్యాచ్ ఆడు. మొదటి నిమిషంలోనే చచ్చిపోతావు, నవ్వుకోనీ.

మీ పిన్ని