గుట్టు తెలిసిపోయాక కూడా హిచ్‌కాక్ డిస్కుల పెట్టె ఎందుకు కొనాలంటే

సస్పెన్స్ సినిమా ఒకసారి చూస్తే గుట్టు తెలిసిపోతుంది కాబట్టి, హాలీవుడ్ దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ చిత్రాల డిస్కుల పెట్టెను అంత డబ్బు పోసి కొనడం దండగ కాదా అని మీరు అడిగారు. దండగ కాదు. ఇంటికి తెచ్చుకుని పదేపదే చూడదగిన చిత్రాలంటూ ఉంటే అవి ముందుగా ఈయనవే అని నా గట్టి నమ్మకం. ఈ నమ్మకం నాకు సినిమా పుస్తకాలు చదివి కలిగింది కాదు. ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా రాని మా అమ్మ పక్కన కూర్చుని చూసినప్పుడు కలిగింది.

2008 వేసవిలో మా బావగారు అమెరికా నుంచి విజయవాడ వస్తూ, అక్కడ 2005లో విడుదలైన 14 చిత్రాల డీవీడీ పెట్టెను నాకోసం తెచ్చారు. ఆ రాత్రే చూద్దామని కూర్చుంటే, హాల్లో ఉన్న ఖరీదైన ప్లేయర్ ఒక్క డిస్కును కూడా ఆడించలేదు. ఏ ప్రాంతపు డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడేట్లు డీవీడీలకు రీజియన్ కోడ్ అనే తాళం వేస్తారు. అమెరికాకు అది 1, మన దేశానికి 5. కంప్యూటర్‌లో చూద్దామంటే, డీవీడీ డ్రైవు రీజియన్‌ను 5 సార్లే మార్చనిస్తుంది, ఆ తరువాత చివరగా ఎంచుకున్న దగ్గరే బిగుసుకుపోతుంది. చివరికి బీసెంట్ రోడ్డులో ఊరూ పేరూ లేని చవక ప్లేయర్ ఒకటి కొంటే, అది ఏ దేశపు డిస్కునైనా చక్కగా ఆడించింది. డబ్బిచ్చి కొన్న వస్తువును మనం ఏ దేశంలో చూడాలో అమ్మేవాడు నిర్ణయించడం అన్యాయమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మీరు విదేశాల నుంచి తెప్పించుకునేట్లయితే, డిస్కు ఏ రీజియన్‌దో, మీ ప్లేయర్ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

ప్లేయర్ వచ్చిన రోజు మొదట వేసినది 1954 నాటి రియర్ విండో. కాలు విరిగి కట్టుతో కుర్చీకి పరిమితమైన ఫోటోగ్రాఫర్ ఒకడు, తన కిటికీలోంచి పెరటికి అవతలి ఇళ్లను చూస్తూ, ఎదురింటివాడు భార్యను చంపాడేమోనని అనుమానపడే కథ అది. పారమౌంట్ స్టూడియోలో 31 వాటాలతో ఆ పెరటినంతా కట్టి తీశారు. మా అమ్మ పెళ్లయిన కొత్తలో సత్యనారాయణపురంలో నాలుగు వాటాల ఇంట్లో కాపురం చేసిన మనిషి కావడంతో, ఆ పెరడు తెరమీద కనబడగానే ఆమెకు ఇంక నా వివరణ అవసరం లేకపోయింది. ఎవరింట్లో గొడవ జరుగుతోందో, ఎవరు ఒంటరివారో, ఎవరు కొత్తగా పెళ్లయిన జంటో ఆమే నాకు చెప్పడం మొదలుపెట్టింది. నిశ్శబ్ద చిత్రాలతో మొదలుపెట్టిన దర్శకుడు కాబట్టి, చెప్పవలసిన ముఖ్యమైన సంగతినంతా ఆయన బొమ్మతోనే చెబుతాడు. సంభాషణ దానికి తోడుగా మాత్రమే నడుస్తుంది.

తెల్లవారుజామున ఎదురింటివాడు ఒక స్త్రీని వెంటబెట్టుకుని బయటికి వెళ్తాడు. సరిగ్గా అప్పుడు మన ఫోటోగ్రాఫర్ కుర్చీలోనే నిద్రపోతూ ఉంటాడు. "అయ్యో, చూడవలసినప్పుడే నిద్రపోయాడురా" అని అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. మరికాసేపటికి హంతకుడు భార్య చేతిసంచిలోంచి నగలు తీసి చూస్తూ ఫోనులో మాట్లాడుతుంటే, "ఊరికెళ్లిన ఆడది పెళ్లి ఉంగరం ఇంట్లో పెట్టి వెళ్తుందా? ఆవిడ లేదు, అయిపోయింది" అని తేల్చేసింది. ఆ చిత్రంలో నాయిక గ్రేస్ కెల్లీ చేసే వాదన కూడా సరిగ్గా అదే. చివరికి ఆ నాయిక హంతకుడి ఇంట్లో దొరికిపోయి, పోలీసుల ముందే వీపు వెనుక చెయ్యి పెట్టి వేలికున్న ఉంగరాన్ని ఇవతలికి చూపిస్తుంది. హంతకుడు ఆ చేతి సైగను గమనించి, తలెత్తి సూటిగా మనవైపే చూస్తాడు. "చూశాడు, చూశాడు! ముందు ఆ లైటు ఆర్పమను!" అని అమ్మ దాదాపు అరిచింది. మరుక్షణంలో తెరమీది ఫోటోగ్రాఫర్ కూడా నర్సుతో లైటు ఆర్పమనే చెప్పాడు.

మీ ప్రశ్నకు అసలు సమాధానం మాత్రం మరుసటి వారం దొరికింది. "ఆ కాలు విరిగినవాడి సినిమా మళ్లీ వెయ్యి" అని అమ్మే అడిగింది. హంతకుడెవరో, ఏం జరుగుతుందో అంతా ఆమెకు తెలుసు. నాయిక అతని ఇంట్లో వెతుకుతున్న సమయంలో, కింది వాటాలోని ఒంటరి స్త్రీ మాత్రలు ముందు పెట్టుకుని కూర్చోవడం చూసి ఫోటోగ్రాఫరూ నర్సూ అటు చూస్తూ ఉండిపోతారు. మొదటిసారి అమ్మా నేనూ కూడా అటే చూశాము, అందుకే హంతకుడు నడవాలో ప్రత్యక్షమైనప్పుడు అదిరిపడ్డాము. రెండోసారి అమ్మ కింది వాటా వంక చూడనే లేదు. ఖాళీగా ఉన్న నడవా మీద కళ్లు నిలిపి, "వచ్చేస్తాడు, ఈ పిల్ల ఇంకా బయటికి రాదేం" అంటూ కొంగు నలుపుతూనే ఉంది. మొదటిసారి ఒక్క క్షణం పడిన భయాన్ని రెండోసారి రెండు నిమిషాలు పడింది. గుట్టు తెలిసిపోతే సస్పెన్స్ చచ్చిపోతుందన్న మాట ఎంత తప్పో నాకు ఆ నడవా దగ్గర తెలిసింది.

మన పోస్టర్ల మీద సస్పెన్స్ అని వేసేది చాలావరకు హంతకుడెవరో చివరి దాకా దాచే చిత్రాలకే. దానికి మిస్టరీ అన్న వేరే మాట ఉంది. హిచ్‌కాక్ మాత్రం జరగబోయేది ప్రేక్షకుడికి ముందే చెప్పి, తెరమీది మనిషికి చెప్పకుండా నడిపిస్తాడు. వర్టిగోకు ఆధారమైన ఫ్రెంచి నవలలో రహస్యం చివరిదాకా దాగి ఉంటుంది. 1958లో ఆయన తీసిన చిత్రంలో అది చివరి భాగం మొదలయ్యేసరికే మనకు తెలిసిపోతుంది, ఆ తరువాత కథానాయకుడికి ఎప్పుడు తెలుస్తుందా, తెలిస్తే ఏమవుతాడా అని మనం కూర్చుంటాము. 1960 నాటి సైకోలో బురదగుంటలో మునుగుతున్న కారు సగంలో ఆగిపోయినప్పుడు, అది మునిగితే బాగుండునని నేరం దాచేవాడి పక్షాన మన ఊపిరే ఆగిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడ ఊపిరి ఆగుతూనే ఉంది.

డిస్కు చేతిలో ఉండాలని నేననడానికి మరొక కారణం ఉంది. రియర్ విండో, వర్టిగో, రోప్, ది ట్రబుల్ విత్ హ్యారీ, 1956 నాటి ది మ్యాన్ హూ న్యూ టూ మచ్ అనే ఐదు చిత్రాల హక్కులు దర్శకుడి దగ్గరే ఉండిపోయినందువల్ల, అవి ఏళ్ల తరబడి ఎక్కడా ప్రదర్శనకు నోచుకోలేదు. 1980లో ఆయన మరణించాక, 1983లో గాని మళ్లీ థియేటర్లకు రావడం మొదలుకాలేదు. ఈనాడు ఓటీటీలో ఈ నెల కనబడిన పాత చిత్రం పై నెల కనబడకుండా పోవడం మనకు అనుభవమే. అలమరలో ఉన్న డిస్కును ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

కొన్నాక దయచేసి టీవీని సరిచేసుకోండి. 1943 నాటి షాడో ఆఫ్ ఎ డౌట్, 1948 నాటి రోప్ దాదాపు చదరంగా ఉండే పాత కొలతలో తీసిన చిత్రాలు. తెర నిండలేదని మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ రిమోట్ తీసుకుని బొమ్మను సాగదీస్తారు. ముఖాలన్నీ ఉబ్బిపోతాయి, ఎంతో జాగ్రత్తగా కూర్చిన ఫ్రేము నాశనమైపోతుంది. పక్కల నల్లని ఖాళీ ఉండవలసినదే. శబ్దం విషయంలోనూ అంతే. 1996లో వర్టిగోను పునరుద్ధరించినప్పుడు అడుగుల చప్పుడు, తుపాకీ మోత వంటివి కొత్తగా రికార్డు చేసి కలిపారు. మీ డిస్కులో అసలు మోనో (ఒకే ఛానెల్) శబ్దం కూడా ఉంటే దాన్నే ఎంచుకోండి.

నా సలహా 2012లో బ్లూరేలుగా, అంటే డీవీడీకన్నా స్పష్టమైన బొమ్మ ఉండే డిస్కులుగా, వచ్చిన 15 చిత్రాల పెట్టె. 1942 నాటి సాబోటర్ నుంచి 1976 నాటి చివరి చిత్రం ఫ్యామిలీ ప్లాట్ దాకా ఉంటాయి, డీవీడీ పెట్టెలో లేని నార్త్ బై నార్త్‌వెస్ట్ కూడా ఇందులో చేరింది. రెబెక్కా, నొటోరియస్, స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్ ఇందులో ఉండవు, విడిగా కొనుక్కోవలసిందే. పెట్టె రాగానే అందరిలా సైకోతో మొదలుపెట్టకుండా రియర్ విండో వేయండి. వారం ఆగి, ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అదే డిస్కు మళ్లీ వేయండి. నాయిక ఎదురింట్లో వెతుకుతున్నప్పుడు వాళ్ల చూపు కింది వాటా మీద ఉందో, ఖాళీ నడవా మీద ఉందో గమనించి నాకు ఇక్కడే రాయండి.