డాక్టర్ సలహా: రావిచెట్టు సంగతి తర్వాత, ముందు ఆ చెయ్యి సంగతి చూడండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా పాడిగేదె మేత మానేసి, చొంగ కార్చుకుంటూ, వెనక కాళ్లు తూలిపోయి నాలుగు రోజుల్లో చచ్చిపోయింది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని మావారు నోట్లో చెయ్యి పెట్టి చూశారు. పాక పక్కన రావిచెట్టు నిండా గబ్బిలాలే. అవి పశువుల రక్తం తాగి రేబిస్ అంటిస్తాయని ఫోన్లో వీడియో వచ్చింది, ఊళ్లో అందరూ చెట్టు కొట్టించెయ్యమంటున్నారు. ఆ పాలు మేమంతా తాగాం, పిల్లలు కూడా. ఏం చెయ్యాలండి?

జవాబు: అమ్మా, ముందు మీవారిని ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీరు రాసిన లక్షణాలు చూస్తే రేబిస్ అనే అనుమానించాలి. పశువుల్లో చాలాసార్లు ఇది పిచ్చెక్కినట్టు కాకుండా పక్షవాతంలా వస్తుంది, మింగలేదు, అరుపు బొంగురుపోతుంది, చూసేవాళ్లకి గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టో గురకవ్యాధి వచ్చినట్టో ఉంటుంది, దాంతో పాపం రైతు మందు పోద్దామని నోట్లో చెయ్యి పెడతాడు. కొబ్బరికాయలు వొలిచి గడ్డి కోసే చేతులకి గీతలు లేకుండా ఉంటాయా చెప్పండి, చొంగలో ఉన్న వైరస్‌కి ఆ గీతలే చాలు.

చెయ్యి పెట్టి ఇన్ని రోజులైంది కదా అని ఆగొద్దు, గేదెకి టెస్టు చేయించాక చూద్దామనీ ఆగొద్దు. బొడ్డు చుట్టూ పొడిచే రోజులు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు రేబిస్ టీకా చేతికే వేస్తారు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. మొదటి డోసు వేసిన రోజుని సున్నా అనుకుంటే చర్మంలోకి వేసే పద్ధతిలో 3, 7, 28 రోజుల్లో మిగతావి, అదే కండకి వేసే పద్ధతైతే 14వ రోజున ఇంకోటి. చేతికి గాయం గానీ గీత గానీ ఉంటే అక్కడే వేసే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే, ముందే తయారుచేసిన యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలి, అది మీరే నోరు తెరిచి అడగండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక గ్లాసుడు నీళ్లు చూసి వణికిపోయిన మనిషిని నేను కళ్లారా చూశాను, ఆ దశలో మా చేతుల్లో ఏమీ ఉండదమ్మా, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాలు కాచి తాగుంటే భయం లేదు, కాచితే ఈ వైరస్ చచ్చిపోతుంది. పచ్చిపాలు ఎవరైనా తాగుంటే మాత్రం ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. కుడితి పెట్టినవాళ్లు, చొంగ తుడిచినవాళ్లు కూడా వెళ్లి చూపించుకోవాలి.

ఇక గబ్బిలాలు. వీడియోలో చూపించింది అబద్ధం కాదు, కాకపోతే మన దగ్గరది కాదు. రక్తం తాగే వాంపైర్ గబ్బిలాలు మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా ఉండే దేశాల్లోనే ఉంటాయి. రాత్రిపూట నేలమీద వాలి, నడుచుకుంటూ ఆవు దగ్గరికొచ్చి, కత్తిలాంటి ముందుపళ్లతో చిన్న గాటు పెట్టి రక్తం నాకుతాయి, అలా వాటికున్న రేబిస్ పశువుకి అంటుతుంది. ట్రినిడాడ్ దీవిలో 1925లో పశువులు ఇలాగే పడిపోతుంటే విషాహారం అనుకున్నారు, 1929లో మనుషులు చనిపోతుంటే పోలియో అనుకున్నారు, తర్వాత జోసెఫ్ పవాన్ అనే డాక్టర్ మెదడు కణజాలం మైక్రోస్కోప్‌లో చూసి రేబిస్ అని తేల్చాడు. అక్కడ పశువులకి టీకాలు వేస్తూనే ఉంటారు.

మన రావిచెట్టుకి వేలాడే పెద్ద గబ్బిలాలు పళ్లు, పూల తేనె తిని బతికేవి. చెట్టు కొట్టొద్దు, రాళ్లేసి కెలకొద్దు. కింద పడ్డ గబ్బిలాన్ని పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, ఎప్పుడైనా కరిచినా గీరినా సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మన దగ్గర గేదెకి రేబిస్ వచ్చిందంటే ఎక్కువగా కుక్క వల్లే. గత రెండు మూడు నెలల్లో మీ గట్టు మీద కొత్త కుక్క ఏదైనా తిరిగిందా, గేదె మూతి మీదో కాలి మీదో గాటు కనిపించిందా గుర్తు తెచ్చుకోండి, గాయం మానిపోయాక చాలా రోజులకి గానీ జబ్బు బయటపడదు, ఈలోపు ఇంట్లోవాళ్లు ఆ సంగతే మర్చిపోతారు. అదే కుక్క పక్కవాళ్ల పశువుల్ని కూడా కరిచి ఉండొచ్చు, అందుకని పశువుల డాక్టర్‌కి వెంటనే చెప్పండి. కుక్క కరిచిన పశువుకి లక్షణాలు రాకముందే 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకాలు వేస్తారు, గాయాన్ని సబ్బు నీళ్లతో పావుగంట కడగాలి, పసరు, సున్నం, కారం ఏదీ పెట్టకూడదు.

గేదెని ఎక్కడ పాతారో రాయలేదు. కాలవలో పడేసుంటే పంచాయతీవాళ్లకి చెప్పి తీయించండి, మీరు ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. దాని దూడ ఉంటే, అది పచ్చిపాలు తాగింది కాబట్టి దానికి కూడా టీకా సంగతి పశువుల డాక్టర్‌ని అడగండి, అప్పటిదాకా విడిగా కట్టేసి, పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వకండి.