జెండా పాట అయ్యాక పాస్టరు గారు ఏమని ప్రార్థించారు?

చిరంజీవి బాబుకు,

ప్రభువు నామంలో వందనాలు. నీ పరిశుద్ధ దేశ యాత్ర పుస్తకం రాతప్రతి చేరింది. భాష శుభ్రంగా ఉంది, దస్తూరి ఇంకా శుభ్రంగా ఉంది. మెచ్చుకోవడం నాకు ఇంతకు మించి చేతకాదు కాబట్టి అసలు సంగతికి వస్తాను.

గలిలయ సముద్రం మీద పడవ ప్రయాణం రాశావు చూడు, ఆ పేజీ దగ్గర నాకు ఒళ్లు మండింది. పడవ నడిమధ్యకు వెళ్లి ఆగింది. పడవవాళ్లు మన జెండా ఎగరేశారు. స్పీకరులో జాతీయ గీతం వచ్చింది, అందరూ లేచి నిలబడ్డారు. ఆ తర్వాత పాస్టరు గారు మన దేశం కోసం ఎంతో భారంతో ప్రార్థన చేశారు. అందరి కళ్లు చెమర్చాయి. తర్వాతి పేరాలో ఒడ్డున భోజనం, వేయించిన చేప, పక్కన నిమ్మకాయ ముక్క.

ఏమని ప్రార్థించారు బాబూ? నిమ్మకాయ ముక్క గురించి రాయడానికి నీకు తీరిక దొరికింది. ఒక మనిషి తన దేశం తరఫున దేవుణ్ణి ఏమి అడిగాడో రాయడానికి దొరకలేదా? ఆ పడవవాళ్లకు జెండా రోజువారీ పని. ఏ దేశం వాళ్లు ఎక్కితే ఆ దేశం జెండా పైకి లాగుతారు, ఆ దేశం పాట వేస్తారు. వాళ్ల వంతు అక్కడితో అయిపోయింది. మిగతాది మన వంతు, అంటే ఆ ప్రార్థన. దాన్ని నువ్వు మింగేశావు.

నీ రాతప్రతిలో 'కళ్లు చెమర్చాయి', 'కన్నీరు ఆగలేదు', 'హృదయం ద్రవించింది' అన్నచోటల్లా ఎర్ర పెన్సిలుతో గీత గీస్తూ వచ్చాను. బేత్లెహేము దాటేసరికి పెన్సిలు చెక్కుకోవాల్సి వచ్చింది. నీ కన్నీళ్లు అబద్ధమని నేను అనడం లేదు. చదివేవాడికి వాటితో పనిలేదంటున్నాను. నువ్వు దేనికి ఏడ్చావో చెప్పు, ఏడవాలో వద్దో వాడే చూసుకుంటాడు.

ఒలీవల కొండ దిగేటప్పుడు మధ్యలో, ప్రభువు యెరూషలేమును చూసి ఏడ్చిన చోట, చిన్న గుడి ఉంది. బర్లూజీ అనే ఇటలీ వాస్తుశిల్పి కట్టించాడు, 1955లో పూర్తయింది. కన్నీటి బొట్టు ఆకారంలో ఉందని నువ్వు రాశావు. అది గైడు ప్రతి గుంపుకూ చెప్పే మాట. బలిపీఠం వెనక కిటికీ ఉంది, దానిలోంచి పట్టణం మొత్తం కనిపిస్తుంది. చాలా పాత గుళ్లలో బలిపీఠం తూర్పు ముఖంగా ఉంటే ఇక్కడ పడమటికి తిప్పారు. ఎందుకంటే పట్టణం అటువైపు ఉంది. ప్రార్థన చేసేవాడు కళ్లు తెరిస్తే ఎదురుగా వీధులు, కప్పులు, ప్రాకారం కనిపించాలి. బలిపీఠం ముందు భాగంలో పిల్లలను రెక్కల కింద పెట్టుకున్న కోడి బొమ్మ కూడా ఉంది, మత్తయి 23లో ప్రభువు చెప్పిన కోడి. అదీ నీ పుస్తకంలో లేదు. కన్నీటి బొట్టు మాత్రం మూడుసార్లు ఉంది.

లూకా ఆ సంఘటన ఎలా రాశాడో 19వ అధ్యాయంలో మళ్లీ చదువు. ఏడ్చిన సంగతికి ఒక్క మాట చాలించాడు. ఆ తర్వాతదంతా పట్టణమే. శత్రువులు గట్టు కడతారు, చుట్టూ ముట్టడి వేస్తారు, అన్నివైపులా అరికడతారు, రాతి మీద రాయి నిలవదు. వైద్యుడు కదా, నొప్పి ఎక్కడుందో చూపించాడు. మన యాత్రా రచయితలు తలకిందులుగా చేస్తారు. కన్నీటికి పేరా, పట్టణానికి ఒక్క మాట.

మా నాన్న కృష్ణా డెల్టాలో ఒక పల్లెలో ఉపదేశి, అంటే సంఘానికి వాక్యం చెప్పి ప్రార్థనలు నడిపేవాడు. పరిశుద్ధ దేశం మ్యాపులో తప్ప చూడలేదు. రాజుల కొరకును అధికారుల కొరకును విజ్ఞాపన చేయమని పౌలు తిమోతికి రాశాడు కదా, ఆ మాటను ఆయన ఉన్నది ఉన్నట్టు పట్టుకున్నాడు. ఆయనకు తెలిసిన అధికారుల్లో మొదటివాడు కాలువ నీళ్లు వదిలే లస్కరు. సాయంత్రం కూడికలో లాంతరు ముందు మోకరించి, "ప్రభువా, లస్కరు మనసు మెత్తబరచు, శివారు చేలకు తడి అందడం లేదు" అని మొదలుపెట్టేవాడు. తర్వాత తాసిల్దారు, పేరుతో సహా. తర్వాత పోస్టుమాస్టరు. వాళ్లందరి మీదుగా ఎక్కి చివరికి ఢిల్లీ చేరేవాడు. ఒకసారి ఆ లస్కరే గుమ్మం బయట నిలబడి తన పేరు విన్నాడు. మర్నాడు నీళ్లు వచ్చాయని సాక్ష్యం చెప్పాలనే ఉంది, కానీ రాలేదు. నాన్న మాత్రం ఆ రాత్రీ అదే ప్రార్థన చేశాడు, ఇంకాస్త గట్టిగా.

బైబిల్లో నెహెమ్యాను చూడు. యెరూషలేము ప్రాకారం కూలిందని షూషను కోటలో వార్త విని, కూర్చుని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, నేనూ నా తండ్రి ఇంటివారూ పాపం చేశామని ఒప్పుకున్నాడు. యెరూషలేముకు వచ్చాక చేసిన మొదటి పనుల్లో ఒకటేమిటంటే, రాత్రిపూట కొద్దిమందిని వెంటబెట్టుకుని గోడ చుట్టూ తిరిగి, ఏ గుమ్మం ఎలా కాలిందో చూసుకోవడం. ఒక చోట తానెక్కిన జంతువు ముందుకు పోవడానికి దారి చాలలేదని కూడా రాసుకున్నాడు. యాత్రా రచన అంటే అది.

ఇక యెరూషలేములో ప్రభువు సమాధి ఉందనే చోట కట్టిన పరిశుద్ధ సమాధి గుడి. "ఇక్కడ ఐక్యతను అనుభవించాను, మన దేశ ఐక్యత కోసం ప్రార్థించాను" అని రాశావు. చదివి నవ్వొచ్చింది. ఆ గుడిని ఆరు శాఖలవాళ్లు పంచుకుంటున్నారు: గ్రీకు ఆర్థొడాక్సులు, రోమన్ కాథలిక్కులు, అర్మేనియన్లు, కోప్తులు, సిరియన్లు, ఇథియోపియన్లు. ఎవరు ఏ మెట్టు ఊడ్చాలన్న దాని మీద కొట్టుకున్న చరిత్ర వాళ్లది. ఇథియోపియన్ సన్యాసులు గుడి కప్పు మీద కాపురం ఉంటారు. ముఖద్వారం పైన కిటికీ దగ్గర ఒక చెక్క నిచ్చెన ఉంది, కనీసం 18వ శతాబ్దం నుంచి ఉంది. అందరూ ఒప్పుకుంటే తప్ప తీయడానికి లేదు, అందరూ ఒప్పుకోరు. గుడి తాళంచెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది, తలుపు తెరిచే హక్కు ఇంకొక ముస్లిం కుటుంబానిది. తరతరాలుగా అంతే. మన దేశం లాంటి దేశం నుంచి వెళ్లినవాడు ఆ గుమ్మంలో నిలబడి ఐక్యత కోసం ప్రార్థిస్తే ఎంత చెప్పాలి! నిచ్చెన నీ ఫొటోలో పడింది కూడా. నువ్వు దాన్ని చూడలేదు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని పేజీకి వస్తున్నాను. యెరూషలేములో పడమటి గోడ సందుల్లో ప్రార్థన చీటీలు పెడతారు కదా, అక్కడ మీ గుంపులో ఒక ముసలమ్మ నీ చేత చీటీ రాయించుకుంది. అందరూ పిల్లల వీసాలూ మోకాళ్ల నొప్పులూ రాస్తుంటే, ఆమె తమ పల్లెకు సమాధుల తోటకు దారి కావాలని రాయమన్నది. "వరినాట్లు పడ్డాక గట్టు మీద పెట్టె మోసేవాళ్లు నలుగురూ పక్కపక్కన నడవలేరు, వానాకాలంలో చచ్చేవాళ్లకు మా దగ్గర దారి లేదు" అన్నదట. "అందరం నవ్వుకున్నాం, పెద్దావిడ అమాయకత్వం ముచ్చటేసింది" అని ముగించావు.

ముచ్చటేసిందా?

నీ పుస్తకంలో దేశం కోసం జరిగిన ప్రార్థన అదొక్కటే. జెండా కింద జరిగింది కాదు. ప్రభుత్వం ఇచ్చే సాయంతో ఆమె వచ్చిందని నువ్వే రాశావు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు యెరూషలేము యాత్ర సాయాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 40 వేల నుంచి 60 వేలకు పెంచింది. ఆ డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది వేరే వాదన, దాని జోలికి ఇప్పుడు పోను. ఏమైనా ఆమెను అంత దూరం పంపడానికి రాజ్యానికి దారి దొరికింది, ఆమె వీధి నుంచి సమాధుల తోటకు మాత్రం దొరకలేదు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టడానికి నీకు చెయ్యి ఎందుకు రాలేదు?

ఆ చీటీలు తర్వాత ఏమవుతాయో కనుక్కున్నావా? ఏడాదికి రెండుసార్లు గోడ సందుల్లోంచి తీసి, ఒలీవల కొండ మీది శ్మశానంలో పాతిపెడతారు. అంటే ఆ ముసలమ్మ అర్జీ చేరేది సమాధుల తోటకే. ఇలాంటివి కల్పించి రాస్తే అతకవు. నీకు కళ్లెదుట జరిగింది.

బైబిలు తెలిసినవాడివి, ఇది తట్టకపోవడం నాకు మరీ కష్టంగా ఉంది. వాగ్దాన దేశంలో అబ్రాహాము సొంతంగా కొన్న మొదటి నేల ఏది? మక్పేలా గుహ, భార్య శారాను పాతిపెట్టడానికి. ఆదికాండం 23 మొత్తం ఆ బేరమే. నేను మీ మధ్య పరదేశిని, నాకు సమాధికి చోటివ్వండి అని సాగిలపడి అడుగుతాడు. పొలం యజమాని ఎఫ్రోను ఊరికే తీసుకో అంటాడు, మనవైపు పెద్దరైతు అన్నట్టే. ఆ మాట నమ్మితే రేపు మనవడి కాలంలో తగాదా వస్తుందని అబ్రాహాముకు తెలుసు. ఊరి గవినిలో పదిమంది ముందు 400 తులాల వెండి తూచి ఇచ్చాడు. పొలం, గుహ, చుట్టూ ఉన్న చెట్లతో సహా హద్దులు చెప్పించుకున్నాడు. ఆ గుహ హెబ్రోనులో ఉంది, టూరువాళ్లు సాధారణంగా అక్కడికి తీసుకెళ్లరు. మీరందరూ అంత దూరం వెళ్లి వంగి లోపలికి తొంగి చూసినది కూడా ఒక సమాధే, అరిమతయి యోసేపుది. ఇంత పెట్టుకుని సమాధుల తోట అడిగిన మనిషిని చూసి నవ్వారు!

"ఇలాంటివి రాస్తే రాజకీయం అవుతుందా అమ్మగారూ?" అని ఉత్తరంలో అడిగావు. అవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. గుళ్లో ఒక పేరు, ధ్రువపత్రంలో ఇంకో పేరుతో బతికేవాళ్లు నీ సంఘంలోనే వరుసగా కూర్చుని ఉంటారు. దేశం కోసం ప్రార్థన అన్నాక ఇవన్నీ వస్తాయి. రాకూడదనుకుంటే చేప గురించే రాసుకో.

నా అనుభవం ఒకటి చెబుతాను. పదవీ విరమణ డబ్బులతో వెళ్లివచ్చి ఒక క్రైస్తవ మాసపత్రికకు వ్యాసం పంపాను. అందులో బేత్లెహేము నుంచి యెరూషలేముకు పనికి వెళ్లేవాళ్లు తెల్లవారకముందే తనిఖీ కేంద్రం దగ్గర బారులు తీరడం రాశాను. ముందు నిలబడిన ఒకాయన చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో రొట్టె, ఒక జత బూట్లు, సిమెంటు అంటినవి. యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించమని కీర్తనల్లో ఉంది కదా, ఆ క్షేమంలో ఈయన బూట్లు ఉన్నాయా అని అడిగాను. సంపాదకుడు ఆ భాగమంతా కొట్టేశాడు. "ఇది యాత్ర కాదమ్మా, వార్త" అన్నాడు. ఖాళీ అయిన చోట తాను ఒంటె మీద కూర్చున్న ఫొటో వేసుకున్నాడు. ఆయన ఇప్పుడు లేడు, ఆ ఒంటె ఫొటో మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది. అప్పటినుంచి ఈ యాత్రా పుస్తకాల మీద నాకు ఒక చిరాకు స్థిరపడిపోయింది. అట్ట మీద యొర్దానులో తెల్ల అంగీ, లోపల ముగ్గురు దైవజనుల ముందుమాటలు, చివర మళ్లీ వాళ్లకే కృతజ్ఞతలు.

నీ చివరి అధ్యాయంలో "దేశం కోసం కన్నీటితో ప్రార్థించే కొండలు మనకూ కావాలి" అన్నావు. ఉన్నాయి బాబూ. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు పక్క కొండెక్కి మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. పన్నెండేళ్లకు ఇంకో మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని అందరూ చెబుతారు, ప్రతి ప్రసంగంలోనూ వింటాం. అంతకుముందు కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడని, తిండి కోసం చేరారనే మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడని చెప్పేవాళ్లు తక్కువ. ఆ కొండ మీది ప్రార్థనకు జవాబు ఎక్కడుందని అడిగితే నేను గుండ్లకమ్మ కంటే ముందు ఆ కాలువ చూపిస్తాను. ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధం.

పబ్లిషర్ల సంగతీ, గ్రాంథికమా వ్యావహారికమా అన్న సంగతీ అడిగావు. ఇప్పుడు వాటి జోలికి పోయే ఓపిక లేదు. ముందుమాట మాత్రం రాయను.

పడవ పేజీ మళ్లీ రాసి పంపు. పాస్టరు గారికి గుర్తు లేకపోతే పక్కన కూర్చున్నవాళ్లను అడుగు. ఎవరికీ గుర్తు లేదంటే ఆ సంగతే రాయి. ఆ ముసలమ్మ ఊరికి బస్సు ఎక్కి వెళ్లు. గట్టు వెడల్పు నీ కాళ్లతో కొలువు. తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చారా, ఎప్పుడు ఇచ్చారు, రసీదు ఉందా, పొలం ఎవరిది, ఆయన ఏమంటున్నాడు, అన్నీ కనుక్కో. రైతు మాట కూడా రాయాలి, ఆయనకూ ఒక కథ ఉంటుంది. ఇదంతా యాత్రలో భాగం కాదని ఎవరైనా అంటే నా పేరు చెప్పు.

కాగితానికి ఒకవైపే రాయి, నాకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఫొటోలు పంపవద్దు. మీ పాస్టరు గారికి నా వందనాలు చెప్పు. ఈ ఉత్తరం మాత్రం చూపించకు.

ఇట్లు,
మీ టీచరమ్మ