పూనకం దించడం గురించి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఈ శీతాకాలంలో మీ బృందం కొండ మీద ప్రాచీన గ్రీకుల మద్యదేవుడు డయోనిసస్ ఆరాధన జరపబోతున్నదనీ, రాత్రంతా డప్పూ నృత్యమూ ఉంటాయనీ రాసి, పూనకం నిజంగా రావాలంటే ఏమి చేయాలని అడిగావు. దానికి నా సలహా అక్కరలేదు. ఒకే లయలో గంటసేపు డప్పు మోగుతుండగా, ఐవీ తీగ చుట్టిన కర్ర పట్టుకొని పదిమందితో కలిసి ‘ఎవోయ్’ అని (మన ‘ఏవోయ్’కి ఎంత దగ్గరో చూడు!) కేక వేస్తూ తిరిగితే అది దానంతట అదే వస్తుంది. నేను చెప్పగలిగింది దించడం గురించే.

గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ మరణించాక, క్రీస్తుపూర్వం 405లో ఏథెన్సులో ప్రదర్శించిన ‘బాకై’ నాటకం మీరందరూ చదివే ఉంటారు. డయోనిసస్ పూజను అడ్డగించిన రాజు పెంథియస్‌ను పూనకంలో ఉన్న కన్నతల్లి అగావే చీల్చివేయడమే చాలామందికి గుర్తుంటుంది. నేను ఆ తరువాతి ఘట్టం దగ్గర ఆగమంటాను. కొడుకు తలను సింహపు తల అనుకొని మురిసిపోతూ వచ్చిన అగావేను ఆమె తండ్రి కాడ్మస్ కుదిపి లేపడు. ముందు ఆకాశం వైపు చూడమంటాడు. అది మునుపటిలాగే ఉన్నదా, మారినదా అని అడుగుతాడు. మునుపటికన్నా తేటగా ఉన్నదని ఆమె అన్నాక, ఏ ఇంటి కోడలివయ్యావు, నీకు పుట్టిన బిడ్డ ఎవరు అంటూ ఒక్కొక్క మెట్టే దించి, చేతిలో ఉన్నది ఎవరి తల అన్న ప్రశ్నను ఆఖరుకు ఉంచుతాడు.

నేనీ ఇంగ్లండుకు వచ్చిన కొత్తలో మా బృందంలో ఒకావిడ పొద్దుటినుంచి ఉపవాసముండి, ఖాళీ కడుపుతో వైన్ తాగి, నృత్యం మధ్యలో చెప్పులైనా లేకుండా అడవిలోకి వెళ్లిపోయింది. కాపలా ఎవరిదని ముందుగా అనుకోలేదు. ఆ తప్పులో నాకూ భాగముంది. ముప్పావుగంట వెతికాక ఒక చెట్టు మొదట్లో వణుకుతూ దొరికింది, కాని తన పేరు చెప్పలేకపోయింది. అప్పుడు నాకు తోచింది కాడ్మస్ ప్రశ్నే. పైకి చూడమని, చుక్కలు కనబడుతున్నాయా అని అడిగాను. చాలాసేపటికి ‘మబ్బు పట్టింది’ అన్నది. ఆ తరువాత దుప్పటి కప్పి, రొట్టె పెట్టి, గోరువెచ్చని నీళ్లు తాగించాము. ఏమి చూశావని తెల్లవారేదాకా ఎవరూ అడగలేదు.

వైన్ విషయంలోనూ ఆ నాటకమే నీకు సమాధానం చెబుతుంది: కొండ మీది స్త్రీలు తాగిన మత్తులో లేరని స్వయంగా చూసివచ్చిన పశులకాపరి చెబుతాడు. గ్రీకులు మామూలు విందులోనే నీళ్లు కలుపుకొని తాగేవారు. దేవునికి ధారపోయండి, మీరు ఒక గుక్కతో సరిపెట్టుకోండి. నిద్ర పట్టక బాధపడేవారు, మానసిక వ్యాధికి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా రాత్రంతా నృత్యానికి దిగకూడదు.

తమది తెగని గురుపరంపర అని చెప్పుకొనేవారిని నమ్మవద్దు. నాలుగో శతాబ్దం చివర రోమన్ చక్రవర్తి థియొడోసియస్ పాత దేవతల పూజలను నిషేధించాడు. నేడు మనం చేస్తున్నది మిగిలిన రాతల నుంచి కూర్చుకొన్నదే. అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు, ఆ రాతల్లో దొరికేది తక్కువేమీ కాదు. గ్రీసులోని డెల్ఫీ గుడిలో పూజారిగా ఉన్న ప్రాచీన రచయిత ప్లూటార్క్ ఒక సంగతి చెబుతాడు. అక్కడి ఫోకిస్ ప్రాంతంలో యుద్ధం జరుగుతున్న కాలంలో డయోనిసస్ భక్తురాళ్లు కొందరు పూనకంలో దారితప్పి, రాత్రివేళ ఆంఫిస్సా ఊరు చేరి, ఇంకా స్పృహ రాకుండానే సంతవీధిలో పడి నిద్రపోయారు. ఊరి నిండా సైనికులు. ఆ ఊరి స్త్రీలు పరుగున వచ్చి వారి చుట్టూ మాట్లాడకుండా నిలబడ్డారు. నిద్ర లేచేదాకా దగ్గరకు పోలేదు. లేచాక అన్నం పెట్టి, పొలిమేర దాకా సాగనంపారు.

మీలో ఆ రాత్రి వైన్ ముట్టకుండా, ఆటలో కలవకుండా, దుప్పట్లు దగ్గర పెట్టుకొని కూర్చునే ఇద్దరెవరో నిర్ణయించుకొని నాకు రాయి. ఎవరూ ఒప్పుకోకపోతే నేనే వస్తాను; నా మోకాళ్లు నృత్యానికి పనికిరావు గాని, నాకు రాత్రి నిద్ర ఎలాగూ పట్టదు.