జూలైలో దుబాయ్ వెళ్తున్న సోంపేట వెల్డర్‌కి ఏం చెప్పి పంపాలి?

తమ్ముడు జూలైలో దుబాయ్ వెల్డర్ పనికి వెళ్తున్నాడు, అక్కడ అలవాటు పడాలంటే ఏం చెప్పాలి అని అడిగారు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మనిషి కాబట్టి ముందు కిడ్నీల సంగతి. తిండి, గది అవే సర్దుకుంటాయి.

వెళ్లేలోపు పలాసలో సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) చూపించండి. వీసా మెడికల్లో ఫిట్ అని రాసినా సరే, అంకె ఎంతో కళ్లారా చూడండి.

బారువ తీరం ఉక్క తెలిసినవాడికైనా దుబాయ్ ఎండ వేరు. గాలిలో తేమకి చెమట ఆరదు, పైన లెదర్ జాకెట్, గ్లౌజులు. కొత్తవాడు మొదటి రోజు షిఫ్ట్‌లో ఐదో వంతే ఎండలో చేసి, రోజుకో ఐదో వంతు పెంచుకోవాలి. ఒళ్లు అలవాటుపడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఫోర్‌మన్ ఒప్పుకోకపోతే నీడలో గ్రైండింగో ఫిటప్పో (ముక్కలు జతచేసే పని) ఇమ్మని అడగమనండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించడం అక్కడ నిషేధం. ఆ రెండున్నర గంటలు ఫోన్ చూస్తూ కూర్చోకుండా పడుకోవాలి.

దాహం వేసేదాకా ఆగకూడదు. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్లు తాగాలి. అలాగని గంటలో లీటరున్నర దాటితే రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్‌కి లీటరు) కలపాలి. చాలామంది గ్లాసులో సగం ప్యాకెట్ వేసేస్తారు, అది మందు కాదు, ఉప్పునీళ్లు. చోడి (రాగి) అంబలి మంచిదే. మలయాళీ కొట్లో చోడి పిండి అంటే తెలియదు, రాగిపొడి అని అడగాలి.

ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వద్దే వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. పారాసెటమాల్ చాలు. మూత్రం టీ రంగుకొస్తే పని ఆపేయాలి. ఎండలో ఎవరికైనా మాట తడబడితే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ అంబులెన్స్ నంబరు 998కి ఫోన్ చేయాలి.

స్నానం దగ్గర కొత్తవాళ్లంతా కంగారుపడతారు. మిద్దె మీద ట్యాంకు కాగి, మామూలు కుళాయిలో సలసలా కాగే నీళ్లొస్తాయి. బాత్రూంలో గీజరుంటే వేసవంతా స్విచ్ ఆపేసి, వేడినీళ్ల కుళాయి తిప్పాలి. గీజరు గది లోపల ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్లే నయం. గీజరు లేకపోతే పొద్దున్నే బకెట్ పట్టి గదిలో పెట్టుకోవడమే.

పెట్టె మీరే సర్దండి. గసగసాలు అక్కడ నిషిద్ధం, జైలు దాకా పోతుంది. ఇంట్లో కొట్టిన మాంసం మసాలాలో కలిసి ఉన్నా తీసేయండి. ఖైనీ, గుట్కా, కోడీన్ దగ్గు మందు, ట్రమడాల్ కూడా వద్దు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామని ఏజెంటు అంటే డబ్బు కట్టకండి, ఆ వీసా మీద పని చేయడం నేరం. పాస్‌పోర్ట్ కంపెనీ దాచుకోకూడదు. ఇబ్బందొస్తే మన భారతీయ సహాయ కేంద్రం నంబరు 800 46342.

ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) చేతికొచ్చేదాకా ఎక్స్చేంజ్‌లో (ఇంటికి డబ్బు పంపే కొట్లో) డబ్బు పంపడం కష్టం కావచ్చు. మొదటి నెల ఇంటి ఖర్చు ఇక్కడే చూసుకోండి. వాట్సాప్‌లో మెసేజీలు వెళ్తాయి, కాల్స్ కలవవు. కాల్స్‌కి బోటిమ్ యాప్ వేయించండి. అక్కడ రాత్రి తొమ్మిదికి చేస్తే మనకు పదిన్నర.