మీరు అడిగారు: మా బడిలో చూపించడానికి ఏముంది?

ప్రశ్న: మాది పల్లెటూరి ప్రభుత్వ బడి. ఆరో తరగతి పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి చుట్టూ చూసి రాయమంటే అందరూ ఒకటే రాశారు: 'చెట్లు పచ్చగా ఉన్నాయి, పక్షులు ఉన్నాయి.' మా దగ్గర నాలుగు కానుగలు, ఒక వేప, గోడ వారన గడ్డి తప్ప ఏమీ లేవు. ఏం చేయించాలి?
- ఒక సైన్స్ టీచర్, నల్గొండ జిల్లా

జవాబు: టీచర్ గారూ, ఏమీ లేవంటూనే ఏడాదికి సరిపడా పని మీరే రాశారు! పిల్లల తప్పేం లేదు, 'చూసి రాయండి' అంటే ఏం చూడాలో పెద్దవాళ్లకే తోచదు. రెండు చోట్లు చూపించి తేడా ఏంటో చెప్పమనండి.

నాలుగు మీటర్ల పురికొస చదరంగా పరిస్తే ఒక్కో వైపు మీటరు వస్తుంది. ఒకటి కానుగ నీడలో, ఇంకొకటి గోడ పక్కన ఎండలో పరిచి, ఐదుగురు చొప్పున కూర్చోబెట్టండి. రెండు చోట్లా మట్టిని పిడికిట్లో నొక్కితే ఎక్కడ ముద్ద కడుతోంది, ఎక్కడ పొడిగా రాలిపోతోంది, రాలిన ఆకులు తీస్తే కింద చీమలా, రోకలిబండ పురుగులా, ఎన్ని రకాల మొక్కలున్నాయి, అన్నీ లెక్కపెట్టి రాయాలి. పేర్లు తెలియకపోతే ఒకటో నంబరు, రెండో నంబరు అనుకోనివ్వండి. గడ్డంతా ఒకటే అనే పిల్లాడి చేతికి ఒక తుంగ కాడ, ఒక గరిక కాడ ఇచ్చి వేళ్ల మధ్య దొర్లించమనండి, తుంగకి మూడు అంచులు తగులుతాయి, గరిక గుండ్రంగా దొర్లుతుంది. ఆ ముఖం మీరు చూడాలి! వయ్యారిభామ కలుపు మొక్క ఉంటే మాత్రం ముట్టుకోనివ్వకండి, దురద, దద్దుర్లు వస్తాయి.

కానుగ ఆకుల్ని నేనైతే అస్సలు వదలను. చెట్టుకి ఇరవై చొప్పున ఏరించి, బుడిపెలున్నవి ఎన్నో, తెల్ల మచ్చలున్నవి ఎన్నో లెక్కించమనండి. బుడిపెలు కంటికి కనిపించనంత చిన్న నల్లి (మంచాల్లో ఉండేది కాదు, మైట్ అంటారు) వల్ల వస్తాయి, అది ఆ వాపులోనే కాపురం ఉంటుంది. తెల్ల మచ్చలు ఆకు పొరల మధ్య దూరి తినే చిన్న పురుగు పని. నాలుగు చెట్ల లెక్కలు బోర్డు మీద రాస్తే 'ఆ చెట్టుకే ఎందుకెక్కువ' అని పిల్లలే అడుగుతారు.

వేపని మాత్రం వారం వారం చూడాలి. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో దేశంలో చాలాచోట్ల బడిపిల్లలు ఇదే చేస్తున్నారు, ఒకే చెట్టుని వారానికోసారి చూసి లేత ఆకులు, పూలు, కాయలు 'లేవు, కొన్ని, చాలా' అని రాస్తారు. ఉగాది పచ్చడికి పువ్వు కోసే నాటికి మీ చెట్టు పూత ఏ వారంలో మొదలైందో మీ పిల్లల దగ్గర రాసి ఉంటుంది.

ప్రశ్న: మా పాప బడి నుంచి తెచ్చే ఆకులు పుస్తకంలో పెడితే బూజు పడుతున్నాయి.
- ఒక అమ్మ, ఏలూరు

జవాబు: తడి పోకపోవడం వల్లే. పాత న్యూస్‌పేపర్ మడతల్లో పెట్టి పైన బరువు పెట్టండి, మొదటి నాలుగైదు రోజులు రోజూ పేపర్ మార్చండి. ఆకు పక్కనే ఏ చెట్టుదో, ఏ తేదీన దొరికిందో పాప చేతే రాయించండి.